3.2 శాతం: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

ముందు వాక్యం చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 2024 సెప్టెంబరులో పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) వార్షిక నివేదిక విడుదల చేసింది. వందల పేజీల ఆ నివేదికను కుదించి చెబితే ఇంత:

పదిహేనేళ్లు, అంతకు పైబడిన వారిలో సాధారణ స్థితి ప్రకారం నిరుద్యోగ రేటు 2017-18లో 6.0 శాతం ఉండగా 2023-24 నాటికి 3.2 శాతానికి తగ్గింది. శ్రామిక భాగస్వామ్య రేటు 49.8 నుంచి 60.1 శాతానికి పెరిగింది. పనిచేసేవారిలో స్వయం ఉపాధి పొందేవారి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి చేరింది.

ఇందులో మొదటి ముక్క ప్రభుత్వ ప్రకటనల్లోకి ఎక్కింది. మూడో ముక్కను ప్రతిపక్షాలు పట్టుకున్నాయి. రెండో ముక్కను పట్టించుకున్నవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో తాళంచెవి అక్కడే ఉంది. ఈ ఏడేళ్లలో కొత్తగా లెక్కలోకి వచ్చిన మనుషుల్లో ఎక్కువమంది పల్లెటూరి ఆడవాళ్లు. వాళ్ల పని ఏ పేరుతో లెక్కకెక్కిందో, దానికి చేతిలో ఎంత పడిందో చూడకుండా దేశంలో ఉపాధి పెరిగిందని గానీ లేదని గానీ చెప్పకూడదు. అందుకే ఒక్కో మాటా విప్పుకుంటూ పోదాం.

సర్వే. పాత రోజుల్లో జాతీయ నమూనా సర్వే సంస్థ సుమారు ఐదేళ్లకొకసారి ఉపాధి లెక్కలు తీసేది. ఆ పద్ధతికి పునాది వేసింది ఎం.ఎల్. దంత్‌వాలా అధ్యక్షతన 1970లో నివేదిక ఇచ్చిన నిపుణుల సంఘం. మన దేశంలో ఒకే మనిషి ఒక్క ఏడాదిలో రైతుగా, కూలీగా, ఖాళీగా కూడా ఉంటాడు కాబట్టి అందరినీ ఒకే అంకెలో ఇరికించవద్దని, ఏడాదికో లెక్క, వారానికో లెక్క, రోజుకో లెక్క వేరువేరుగా తీయమని ఆ సంఘం చెప్పింది. 1972-73లో 27వ విడత సర్వే ఆ పద్ధతిలోనే జరిగింది. అలాంటి చివరి పెద్ద సర్వే 2011-12లో ముగిసింది. తర్వాత ఐదారేళ్ల ఖాళీ. 2017 ఏప్రిల్‌లో పీఎల్‌ఎఫ్‌ఎస్ మొదలైంది. దాని తొలి నివేదిక 2019 మే 31న, లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చిన వారానికి బయటికొచ్చింది. అప్పట్లో పేపర్లలో చూసిన 6.1 శాతం అన్ని వయసులవారినీ కలిపిన లెక్క. పదిహేనేళ్లు దాటినవారిని మాత్రమే తీసుకుంటే అది 6.0.

సాధారణ స్థితి. సర్వే చేసే మనిషి ఇంటికొచ్చిన రోజు నుంచి వెనక్కి 365 రోజులు లెక్కపెడతారు. ఆ ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశారన్నది ప్రధాన స్థితి. ఎక్కువ కాలం ఏ పనీ చేయకపోయినా, మొత్తం మీద 30 రోజులో అంతకు మించో ఏదైనా ఆర్థికపరమైన పని చేసి ఉంటే అది అనుబంధ స్థితి. ఈ రెంటిలో ఏదో ఒకటి ఉన్నా ఆ మనిషి పనిచేస్తున్నట్టే. 3.2 శాతం వచ్చింది ఈ లెక్కలోంచి.

అంటే వానాకాలంలో నాట్లకు పది రోజులు, కలుపుకు వారం, పత్తి ఏరడానికి రెండు వారాలు పోయి, మిగతా పదకొండు నెలలు పొలం పని దొరకని స్త్రీ ఈ లెక్కలో నిరుద్యోగి కాదు. ఆ ముప్పై రోజుల పనిని గుర్తించడం న్యాయమే. గుర్తించకపోతే ఆమె శ్రమ అసలు కనబడదు. కానీ మిగిలిన 335 రోజుల ఖాళీ ఈ అంకెలో ఎక్కడా కనబడదని కూడా మనసులో పెట్టుకోవాలి.

దీనికి తోడు వారపు స్థితి అని ఇంకో లెక్క ఉంది. గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పని చేస్తే పనిచేసినట్టు. గంట అనగానే చాలామందికి కోపం వస్తుంది గానీ అది మనవాళ్లు కనిపెట్టింది కాదు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం. ఈ లెక్క ప్రకారం 2023-24లో నిరుద్యోగం 4.9 శాతం. అదే సర్వే, అదే సంవత్సరం. ఏడాది పొడవునా చూస్తే 3.2, వారం మేరకే చూస్తే 4.9. ఎవరైనా ఒక అంకె చెప్పి వాదిస్తుంటే అది ఈ రెంటిలో ఏదో ముందు అడగాలి. ముంబైలోని సెంటర్ ఫర్ మానిటరింగ్ ఇండియన్ ఎకానమీ ఇచ్చే అంకె ఎప్పుడూ ఇంకా ఎక్కువ ఉంటుంది. కారణం ఆ సంస్థ నిర్వచనం మరింత కఠినం. ఇంటి పనుల మధ్య చేసే చిన్నాచితకా పని దాని లెక్కలోకి అంతగా రాదు.

నిరుద్యోగి. పని లేకపోవడం ఒక్కటే చాలదు. పని వెతుకుతూ ఉండాలి, లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉండాలి. విసిగిపోయి వెతకడం మానేసినవాడు శ్రామిక శక్తిలోంచే తప్పుకుంటాడు. నిరుద్యోగ రేటులో అతని జాడ ఉండదు.

ఇంకో సంగతి. పని కోసం ఎదురుచూడాలంటే అన్నాళ్లూ ఎవరో ఒకరు అన్నం పెట్టాలి. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఏళ్లు గడిపే కుర్రాడి వెనక, ఎంత కష్టమైనా నెలనెలా డబ్బు పంపే తల్లిదండ్రులుంటారు. ఆ ఆసరా కూడా లేనివాడు తెల్లారేసరికి కూలీల అడ్డా మీద నిలబడతాడు, దొరికిన పని చేస్తాడు, నిరుద్యోగుల లెక్కలోకి రాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి అధ్యయన సంస్థ కలిసి 2024లో ఇచ్చిన భారత ఉపాధి నివేదిక చూస్తే ఇది తెలుస్తుంది: 2022లో పట్టభద్ర యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతం. చదువు మనిషిని చెడగొట్టిందని దీనర్థం కాదు. చదువుకు తగిన కొలువులు పుట్టలేదు, చదువు లేనివాళ్లకు ఖాళీగా కూర్చునే వీలు లేదు. కాబట్టి ఒక పేద దేశంలో నిరుద్యోగ రేటు తక్కువగా ఉండటం దానంతటదే శుభవార్త కాదు.

శ్రామిక భాగస్వామ్య రేటు. పనిచేసేవారు, పని కోరుకునేవారు కలిసి జనాభాలో ఎంత శాతమో చెప్పేది ఇది. 49.8 నుంచి 60.1కి అంటే పది పాయింట్ల పైచిలుకు. ఏడేళ్లలో ఇంత కదలిక మామూలు విషయం కాదు. మగవాళ్లలో 75.8 నుంచి 78.8కి, అంటే మూడు పాయింట్లే. ఆడవాళ్లలో 23.3 నుంచి 41.7కి. పల్లెల్లోని ఆడవాళ్లలో 24.6 నుంచి 47.6కి. మొత్తం కదలికకు మూలం ఎక్కడుందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

మరి వీళ్లంతా 2017కు ముందు ఏం చేసేవారు?

దీనికి జవాబు సర్వే ఫారంలో ఉంది. ప్రతి మనిషి పనికీ అందులో ఒక రెండంకెల కోడ్ ఉంటుంది. సొంతంగా పని చేసుకునేవారికి 11. ఇంటి వ్యాపారంలోనో సేద్యంలోనో జీతం లేకుండా సాయపడేవారికి 21. నెల జీతగాళ్లకు 31. బయటి కూలి పనికి 51. ఇంటి పనులు మాత్రమే చేసేవారికి 92. ఇంటి పనులతో పాటు కట్టెలు, గడ్డి, ఆకుకూరలు ఏరుకొచ్చేవారికి, ఇంటివాళ్ల కోసం బట్టలు కుట్టేవారికి 93. ఇందులో 11, 21, 31, 51 పనివాళ్లు. 92, 93 పనివాళ్లు కారు.

రెండు గేదెలున్న ఒక ఇల్లు తీసుకోండి. తెల్లవారుజామున లేచి పేడ తీసి, కొట్టం కడిగి, కుడితి పెట్టి, పాలు పిండేది ఇల్లాలు. కొంచెం ఇంట్లోకి ఉంచి మిగతావి పాల కేంద్రంలో పోసి వస్తుంది. అక్కడ వెన్న శాతం చూసి పుస్తకంలో రాస్తారు. పుస్తకం, బ్యాంకు ఖాతా భర్త పేరు మీద ఉంటాయి. మధ్యాహ్నం గట్ల మీద గడ్డి కోసుకొస్తుంది. సాయంత్రం మళ్లీ పాలు. సర్వే మనిషి వచ్చిన రోజు ఇంట్లో ఉన్నది భర్త. "మీ ఇంటావిడ ఏం చేస్తారండీ?" అని అడిగితే "ఏముందండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. 92 పడుతుంది. అదే సర్వే మనిషి కొట్టంకేసి చూసి, "గేదెల్ని చూసేది ఎవరు? ఏడాదిలో నెల రోజులైనా చూస్తారుగా?" అని ఇంకొక్క ప్రశ్న వేస్తే ప్రధాన స్థితి 92 ఉండగానే అనుబంధ స్థితి 21 అవుతుంది. ఆమె శ్రామిక శక్తిలో చేరిపోతుంది. గేదెలు మారలేదు, గడ్డి మారలేదు, ఆమె లేచే వేళ మారలేదు.

ఇక్కడ ఇంకో గీత కూడా ఉంది. ఇంట్లోకే అయినా సరే వడ్లు పండించడం మన లెక్కలో ఆర్థికపరమైన పని. ఆ వడ్లను ఇంట్లో వాడకానికి దంచుకోవడం పని కాదు. మామిడి తోట కాపు పని. ఆ కాయలతో ఇంటికి ఆవకాయ పట్టడం పని కాదు, అమ్మడానికి పడితే పని. 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల మహాసభ ఈ గీతను వేరేచోట గీసింది: డబ్బు కోసమో లాభం కోసమో చేసేదాన్నే ఉపాధి అనాలని, ప్రధానంగా ఇంటి తిండి కోసం చేసే సేద్యాన్ని వేరే ఖాతాలో వేయాలని. మన సర్వే పాత గీతలోనే ఉంది. 2024 కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ 289 నిమిషాల్లో చాలా భాగం ఏ గీతకూ లోపల లేదు.

స్త్రీల భాగస్వామ్యం ఇలా పెరగడానికి ఆర్థికవేత్తలు మూడు కారణాలు చెబుతున్నారు. ప్రశ్నలు మెరుగ్గా అడగడం వల్ల పాత పనే కొత్తగా కనబడిందని కొందరు. ఇంటికి గ్యాసు, కుళాయి వచ్చి, డ్వాక్రా గ్రూపుల ద్వారా అప్పు దొరికి తీరిక, పెట్టుబడి రెండూ సమకూరాయని కొందరు. ఇంటి ఆదాయం కుంగడంతో గత్యంతరం లేక పనిలోకి దిగారని మరికొందరు. మూడూ నిజమేనని నేననుకుంటాను. కుట్టు మిషన్ పెట్టుకున్నవాళ్లు, టిఫిన్ బండి నడిపేవాళ్లు, ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకున్నవాళ్లు నిజంగానే పెరిగారు. సొంతంగా పని చేసుకునే ఆడవాళ్ల వాటా పెరగడం సర్వేలోనూ ఉంది. కానీ ఏ కారణం ఎంత బరువుందో తేల్చే గీటురాయి ఒకటుంది: చేతికి వచ్చిన డబ్బు. దాన్ని కింద చూద్దాం.

స్వయం ఉపాధి. మాట వినడానికి గౌరవంగా ఉంటుంది. ఇందులో ఆసుపత్రి నడిపే డాక్టరు ఉన్నాడు, అరెకరం కౌలు రైతు ఉన్నాడు, పైన చెప్పిన 21 కోడ్ ఇల్లాలూ ఉంది. పనిచేసేవారు వందమందైతే జీతం లేని సహాయకులు 2017-18లో 13.6 మంది, 2023-24లో 19.4. పనిచేసే ఆడవాళ్లను మాత్రమే తీసుకుంటే స్వయం ఉపాధి వాటా 51.9 నుంచి 67.4కి పెరిగింది, అందులో జీతం లేని సహాయకులే 36.7. మన దేశంలో పనిచేస్తున్నట్టు రాసుకున్న ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరికి పైగా తమ పేరు మీద ఒక్క రూపాయి కూడా అందుకోవడం లేదన్నమాట.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లదీ ఈ గూడే. తునికాకు, తంబాకు, దారం ఇచ్చేది కార్ఖానా. వెయ్యి బీడీలకు ఇంత అని రేటు కట్టేది కార్ఖానా. సరిగా రాలేదని కట్టల్లోంచి తీసి పక్కన పడేసేదీ కార్ఖానాయే. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా వంగి చుట్టే మనిషి తన రేటులో ఒక్క పైసా మార్చుకోలేదు. అయినా ముడిసరుకు తెచ్చుకుని ఇంటి దగ్గర చేసే పని కాబట్టి సర్వే పద్ధతిలో ఆమె స్వయం ఉపాధి కింద పడుతుంది. నాకు ఇది తప్పుగా తోస్తుంది. పైఅధికారి ఇంట్లో లేకపోయినా యజమాని ఉన్నట్టే.

ఇప్పుడు డబ్బు సంగతి. 2024-25 ఆర్థిక సర్వే ఈ సంపాదనలను 2012 ధరల్లోకి మార్చి చూపించింది. స్వయం ఉపాధిలోని మగవాళ్ల నెల సంపాదన 2017-18లో 9,454 రూపాయలు, 2023-24లో 8,591. ఆడవాళ్లది 4,348 నుంచి 2,950కి పడింది. దాదాపు మూడో వంతు పోయింది. ఏ గూట్లోకి కొత్తవాళ్లు ఎక్కువగా వచ్చి చేరారో ఆ గూట్లోనే ఆదాయం అందరికంటే ఎక్కువ కుంగింది. కొత్తగా వచ్చినవాళ్లు తక్కువ గంటలు పనిచేయడం వల్ల సగటు కొంత పడి ఉండొచ్చు. అది ఒప్పుకున్నా, మంచి అవకాశాలు పిలిచాయి గనుక లక్షలాది స్త్రీలు పనిలోకి వచ్చారన్న వాదన ఈ అంకె ముందు నిలబడదు.

వ్యవసాయం. దేశం ఎదిగేకొద్దీ జనం పొలం వదిలి ఫ్యాక్టరీలకు, దుకాణాలకు, ఆఫీసులకు మళ్లుతారని అర్థశాస్త్రం చెబుతుంది. మన దగ్గర కూడా దశాబ్దాల పాటు అదే జరిగింది. 2018-19లో పనివాళ్లలో 42.5 శాతం వ్యవసాయంలో ఉన్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. మే 1న వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే తొలి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. ఊరికి వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి పట్నం వచ్చారు. అయినా వ్యవసాయం వాటా మాత్రం తగ్గలేదు. 2023-24లో అది 46.1 శాతం. తయారీ రంగం 11.4 దగ్గర ఆగిపోయి ఉంది. ఎకరా అంతే ఉంది, దాని మీద చేతులు పెరిగాయి. మొత్తం నివేదికలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం ఇదే.

రోజు కూలి. వాటా 24.9 నుంచి 19.8కి తగ్గింది. అవే 2012 ధరల్లో చూస్తే మగవాళ్ల రోజు కూలి 203 నుంచి 242 రూపాయలకు, ఆడవాళ్లది 128 నుంచి 159కి పెరిగింది. నివేదికలో నిజంగా సంతోషించదగ్గ అంకెలు ఇవి. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన నాటి నుంచి పల్లెల్లో కూలి బేరానికి ఒక నేల ఏర్పడింది. చెరువు మట్టి పనికి ఆడా మగా అందరికీ ఒకే రేటు కట్టడం పొలం కూలి మీద కూడా ఒత్తిడి తెచ్చింది. మగ, ఆడ కూలీల మధ్య తేడా మాత్రం ఇప్పటికీ రోజుకు ఎనభై రూపాయల పైనే.

నెల జీతం. వాటా 22.8 నుంచి 21.7 శాతానికి తగ్గింది. ఇక్కడ కూడా పేరు చూసి మోసపోకూడదు. వ్యవసాయేతర రంగంలో నెల జీతగాళ్లలో సగానికి పైగా మందికి రాసిచ్చిన ఒప్పందం లేదు. బట్టల దుకాణంలో నిలబడి అమ్మే అమ్మాయి, ప్రైవేటు బడి టీచరు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఈ గూట్లోనే ఉన్నారు. మగవాళ్ల నెల జీతం 2012 ధరల్లో 12,665 నుంచి 11,858కి, ఆడవాళ్లది 10,116 నుంచి 8,855కి దిగింది.

నికర చేర్పులు. ఇది సర్వేలోది కాదు. పీఎఫ్ సంస్థ తన సభ్యుల సంఖ్య గురించి నెలనెలా ఇచ్చే ఈ అంకెను కొత్త ఉద్యోగాలుగా రాసేస్తుంటారు. పీఎఫ్ చట్టం 20 మంది, అంతకు పైబడి ఉన్న సంస్థలకు వర్తిస్తుంది. 19 మంది ఉన్న సంస్థ ఇంకొకరిని పెట్టుకుంటే 20 పేర్లు చేరతాయి, పుట్టిన ఉద్యోగం ఒక్కటే. పాతవారికి భద్రత దొరకడం మంచి విషయమే, దాన్ని ఆ పేరుతోనే చెప్పాలి.

కోట్లు. 2023-24లో 4.67 కోట్ల ఉద్యోగాలు పెరిగాయని, మొత్తం 64.33 కోట్లకు చేరాయని రిజర్వ్ బ్యాంకు లెక్క చెప్పింది. దానికి ఆధారం ఈ సర్వే శాతాలే; వాటిని జనాభా అంచనాతో హెచ్చిస్తే కోట్లు వస్తాయి. చివరి జనగణన 2011 నాటిది. గేదెల కొట్టంలోని ఇల్లాలు ఆ 4.67 కోట్లలోనూ ఉంది.

నెలవారీ బులెటిన్. 2025 జనవరి నుంచి సర్వే తీరు మారింది. ప్రతి నెలా అంకెలు ఇస్తున్నారు. 2025 ఏప్రిల్‌కు నిరుద్యోగం 5.1 శాతం, మేలో 5.6. ఇవి వారపు స్థితి లెక్కలు. వీటిని 3.2తో పోల్చి నిరుద్యోగం ఎగబాకిందనడం తప్పు. రబీ కోతలు అయిపోయి, తొలకరి ఇంకా పడని మే నెలలో పొలం పని దొరకదు కాబట్టి ఏప్రిల్‌తో మేని పోల్చడంలోనూ జాగ్రత్త కావాలి. నమూనా కుటుంబాల సంఖ్యను దాదాపు 2.72 లక్షలకు పెంచారు. జిల్లాను మూల విభాగంగా తీసుకుంటున్నారు. గల్ఫ్ డబ్బు మీద నడిచే జగిత్యాలను, వలస కూలీల పాలమూరును, ఐటీ కొలువుల రంగారెడ్డిని ఒకే రాష్ట్ర సగటులో కలిపేయకుండా విడివిడిగా చూసే వీలు దీనితో వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వాలు తమ గణాంక శాఖల ద్వారా నమూనాను ఇంకొంచెం పెంచి, జిల్లాల వారీగా స్త్రీల సంపాదనను, 21 కోడ్ సంఖ్యను ఏటా ప్రచురించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ పనిచేసే స్త్రీల వాటా మొదటి నుంచీ దేశ సగటు కంటే ఎక్కువే కాబట్టి ఈ పని ముందుగా మొదలుపెట్టాల్సింది మన రెండు ప్రభుత్వాలే.